పెనుకొండ సీమ రికార్డులు: నేలను తాకని స్తంభం, ఐదెకరాల మర్రి, రాయల కాలపు చెరువు

బుక్కపట్నం చెరువు కట్ట మీద నిలబడి చూస్తే చుట్టూ కొండలు, గుండ్లు, వాటి నడుమ వేరుశనగ చేలు కనిపిస్తాయి. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇది ఒకటి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి, మడకశిర అన్నీ ఇప్పుడు ఒకే గొడుగు కిందకు వచ్చాయి. ఇంత కరువు సీమలో ‘అతి పెద్దది’, ‘ఇంకెక్కడా లేనిది’ అని చెప్పుకోదగినవి ఎన్ని ఉన్నాయో లెక్క వేస్తే బయటివాళ్లే కాదు, ఇక్కడ పుట్టినవాళ్లూ ఆశ్చర్యపోతారు. వాటిలో కొన్నిటికి కొలతలున్నాయి, కొన్నిటికి శాసనాలున్నాయి, కొన్నిటికి కథలు మాత్రమే ఉన్నాయి. కొలతను కొలతగా, కథను కథగా చెప్పుకుంటూ ఒక్కొక్కటే చూద్దాం.

1. నేలను పూర్తిగా తాకని స్తంభం

హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. తాబేలు వీపులా ఉబ్బిన కూర్మశైలం అనే గుట్ట మీద వీరభద్రస్వామి ఆలయం ఉంది. పెనుకొండలో విజయనగర రాజుల కొలువులో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) దీన్ని కట్టించారు.

నాట్యమంటపంలో సుమారు 70 స్తంభాలున్నాయి. వాటిలో ఒకదాని అడుగు భాగం నేలకు ఆనకుండా ఉంటుంది. ఒక అంచు మాత్రం తగిలీ తగలనట్టుంటే, మిగిలిన చోటంతా పలుచని సందు. యాత్రికులు ఆ సందులోంచి పైటకొంగో, తువ్వాలో దూర్చి రెండో వైపు నుంచి లాగుతారు. అలా చేస్తే ఇంటికి మంచి జరుగుతుందని నమ్మకం.

బ్రిటిష్ కాలంలో ఒక ఇంజినీరు దీని రహస్యం తేల్చాలని స్తంభాన్ని కదిలించబోయాడనీ, దాంతో మంటపం మొత్తం కదిలేసరికి భయపడి వదిలేశాడనీ గైడ్లు చెబుతారు. ఈ కథకు రుజువు ఉన్నా లేకపోయినా, అందులోని సంగతి మాత్రం నిజమే: ఇలాంటి రాతి మంటపంలో ఏ స్తంభమూ ఒంటరిది కాదు. స్తంభాల మీద బోదెలు, బోదెల మీద దూలాలు, దూలాల మీద కప్పురాళ్లు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. ఒకటి బరువు మోయకపోయినా పక్కవి మోస్తాయి. ఆ లెక్క తెలిసిన స్థపతులు కట్టిన మంటపం కాబట్టే సుమారు 500 ఏళ్లుగా నిలబడి ఉంది.

2. ఒంటి రాతి బసవన్న

గుడికి కొద్ది దూరంలో, రోడ్డు పక్కనే, ఒకే గుండులోంచి మలిచిన నంది కూర్చుని ఉంది. పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు సుమారు 15 అడుగులు. దేశంలోని అతి పెద్ద ఏకశిలా నందుల వరుసలో దీని పేరు తప్పకుండా వస్తుంది. అయితే పెద్దతనం ఒక్కటే దీని గొప్ప కాదు. ఇంత రాయిలోనూ మెడలోని గంటల దండలు, మువ్వల వరుసలు, మూపురం మీద మడత ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. తల కొంచెం ఎత్తి, ఇప్పుడే లేవబోతున్నట్టు ఉంటుంది. ఈ బసవన్నను చూసి పరవశించిన అడివి బాపిరాజు ఆయన మీద రాసిన పాట తెలుగునాట తరతరాలుగా వినిపిస్తూనే ఉంది.

నంది చూపు గుడిలోని నాగలింగం వైపే ఉంటుంది. ఏడు పడగల పాము చుట్టలు చుట్టుకొని శివలింగానికి గొడుగు పట్టిన ఈ శిల్పం కూడా అక్కడ సహజంగా ఉన్న గుండులోంచి మలిచిందే. తల్లి వంట చేసి పిలిచేలోపు, ఆకలితో ఎదురుచూస్తున్న శిల్పులు దీన్ని చెక్కేశారని కథ. రాతిపని తెలిసినవాళ్లెవరూ ఈ లెక్కను ఒప్పుకోరు. కానీ శిల్పుల చేతి వేగం మీద ఊరివాళ్లకున్న గౌరవం ఆ కథలో పదిలంగా ఉంది.

3. కప్పు మీద పరిచిన చిత్రశాల

లేపాక్షిలో అడుగుపెట్టినవాళ్లు మొదట స్తంభాలు చూస్తారు. నిజానికి మొదట చూడాల్సింది తలెత్తి పైకి. విజయనగర కాలపు చిత్రకళ ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు చాలా తక్కువ. అర్ధమంటపం కప్పు మీది చిత్రం సుమారు 23 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. ఆసియాలోనే అతి పెద్ద కప్పు చిత్రమని దీనికి పేరు. శివుడి పద్నాలుగు రూపాలు ఇందులో ఉన్నాయి.

మిగిలిన కప్పుల మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పాచికలాడే శివపార్వతులు, ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ వరుసగా సాగుతాయి. మర్రాకు మీద పడుకున్న కృష్ణుణ్ణి ఏ పక్క నుంచి చూసినా ఆయన మనల్నే చూస్తున్నట్టుంటుంది.

సున్నపు పూత మీద కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు రంగులతో ఈ పని చేశారు. నీలం దాదాపు కనిపించదు. నేపథ్యం ఎక్కువ చోట్ల నారింజ కలిసిన ఎరుపు. బొమ్మలకు నల్లని గీతలు అంచు కడతాయి. వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా బొమ్మలు వేశాడు. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలకే ఈ గుట్ట మీద మన చిత్రకారులు తలలు పైకెత్తి కుంచె పట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ దేవుడి కథను మనిషి తల పైన పరచాలనుకున్నారు.

4. గుడి కట్టించినవాళ్ల బొమ్మలు

గర్భగుడి ముందరి కప్పు మీద విరూపణ్ణ, వీరణ్ణలు పరివారంతో సహా చేతులు జోడించి, విభూతి అందుకుంటూ నిలబడి ఉన్నారు. తల మీద పొడవాటి కుళ్లాయి. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల కంచు విగ్రహానికి ఉన్నదాని లాంటిదే. ఆ కాలపు పెద్దవాళ్లు ఏం కట్టుకున్నారు, ఆడవాళ్ల చీరల అంచులు ఎలా ఉండేవి, కొప్పులు ఎలా ముడిచేవారు అన్నది తెలుసుకోవడానికి ఇంతకు మించిన సాక్ష్యం దొరకదు.

దాత తన రూపాన్ని గుడిలో నిలపడం మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌లో మధ్యయుగాల నాటి పల్లె చర్చిల్లోకి వెళ్తే వాటిని పోషించిన దొరలూ వారి భార్యలూ సమాధుల మీద రాతి బొమ్మలుగా, ఇత్తడి రేకుల మీద గీసిన రూపాలుగా చేతులు జోడించి పడుకొని కనిపిస్తారు. అక్కడ మరణం తర్వాత ప్రార్థన, ఇక్కడ బతికుండగానే విభూతి అందుకోవడం. భక్తితో పాటు ‘మేం ఇక్కడ ఉన్నాం’ అని చెప్పుకోవాలన్న ఆశ రెండు చోట్లా ఒకటే.

5. పూర్తికాని పెళ్లిపందిరి

అదే ప్రాంగణంలో పైకప్పు లేని కల్యాణమంటపం ఉంది. 38 స్తంభాల మీద శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, దిక్పాలకులు, ఋషులు వరుసగా నిలిచారు. పెళ్లివారంతా వచ్చేశారు, పందిరి మాత్రం పూర్తికాలేదు.

ఖజానా సొమ్ము అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టాడని రాజు కళ్లు తీయించమన్నాడనీ, ఆ మాట విన్న విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడనీ కథ. ఆ గోడ మీద ఎర్రని మరకలు రెండు చూపిస్తారు. ఇది చరిత్ర అనడానికి ఆధారం లేదు. కానీ సగంలో ఆగిన పని చూసినప్పుడు, పూర్తయిన గుడి చెప్పని సంగతులు తెలుస్తాయి. రాళ్లు ఎలా నిలిపారో, చెక్కడం ఏ దశలో చేసేవారో ఇక్కడే అర్థమవుతుంది. స్థాపత్యం చదివే పిల్లలకు ఇది తెరిచి ఉంచిన పాఠ్యపుస్తకం.

పక్కనే ఉన్న లతామంటపం స్తంభాల మీది తీగలు, పూలు, హంసల నమూనాలు చీరల మీదకు ఎక్కాయి. లేపాక్షి డిజైన్లు అంటే చేనేతలో ఇప్పటికీ ఒక గుర్తింపు. దగ్గర్లోనే ఉన్న ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

6. ఎదురెదురుగా హరిహరులు

లేపాక్షి గుడిలో వీరభద్రుడే ప్రధాన దైవం అయినా, పాపనాశేశ్వరుడి గుడి, రఘునాథుడి గుడి ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. శివుడి ముందు నిలబడి వెనక్కి తిరిగితే విష్ణువు. పెనుకొండలోనూ ఇదే తీరు: రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కనే జంటగా కట్టారు. వాటి గోడల మీద రామాయణ ఘట్టాలు, కృష్ణుడి లీలలు చెక్కారు. శైవ వైష్ణవ తగాదాలు నడిచిన రోజుల్లోనే ఈ సీమలో ఇద్దరు దేవుళ్లూ ఇరుగుపొరుగుగా ఉన్నారు.

7. రాజధాని అయిన కొండ ఊరు

పెనుకొండ కోటకు బుక్కరాయల కాలం నుంచీ చరిత్ర ఉంది. ఒకటో బుక్కరాయలు ఈ సీమను తన కొడుకు చేతిలో పెట్టాడు. 14వ శతాబ్దం నుంచి ఇది విజయనగర సామ్రాజ్యంలో ముఖ్యమైన పాలనా కేంద్రం. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత హంపి పాడుబడింది. తిరుమలరాయలు రాజపరివారాన్ని తీసుకుని ఇక్కడికి వచ్చాడు. అలా ఈ కొండ ఊరు సామ్రాజ్యానికి రాజధాని అయ్యింది. రామరాజభూషణుడి ‘వసుచరిత్రము’ ఈ తిరుమలరాయలకే అంకితం. ఓడిన రాజ్యంలోనూ ప్రబంధానికి చోటు దొరికింది.

ఆ రోజుల గుర్తు గగన్ మహల్. కింద కమానులు, పైన గుడి శిఖరంలాంటి కట్టు. దర్బారు కట్టడాల తీరూ, దేవాలయ శిఖరపు తీరూ ఒకే భవనంలో కలిశాయి. హంపిలోని లోటస్ మహల్ చూసినవాళ్లకు ఈ పోలిక వెంటనే తడుతుంది. మహామంత్రి తిమ్మరుసును బంధించింది ఈ ఊళ్లోనేనని స్థానికులు ఒక చోటు చూపిస్తారు. పెనుకొండలో 365 గుళ్లున్నాయని, రోజుకొకటి దర్శించవచ్చని కూడా అంటారు. ఆ అంకె సంగతి ఎలా ఉన్నా, వీధి మలుపుల్లో, పొలాల గట్ల మీద, కోటగోడ పక్కన కనిపించే మంటపాలూ శిథిలాలూ చూస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

8. పచ్చరాతి పార్శ్వనాథుడు, బాబయ్య దర్గా

ఇదే పెనుకొండ జైనులకు పెద్ద క్షేత్రం. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచిలతో పాటు నాలుగు విద్యాపీఠాల్లో ఒకటిగా జైన సంప్రదాయం దీన్ని చెప్పుకుంటుంది. ఇక్కడి పార్శ్వనాథుడి విగ్రహం పచ్చని రాతితో చేసింది. అందుకే పచ్చ పార్శ్వనాథుడని పిలుస్తారు.

అదే ఊళ్లో బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. జనం నోట ఆయన బాబయ్య స్వామి. తిరుచిరాపల్లి నత్తర్ వలీ ఆయన గురువు. గురువు ఒక ఎండు పుల్ల ఇచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ నిలిచిపొమ్మన్నాడని, అది పెనుకొండలో చిగురించిందని కథ. ఉరుసుకు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల నుంచి అన్ని మతాలవాళ్లూ వస్తారు. కదిరి లక్ష్మీనరసింహస్వామి ఉత్సవాల్లో ముస్లింలు పాలుపంచుకోవడమూ ఈ సీమలో పాత అలవాటే.

9. రికార్డుకెక్కిన మర్రి

పైన చెప్పినవన్నీ రాతివి. ఇది ప్రాణం ఉన్నది. కదిరి దగ్గర గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాదాపు ఐదెకరాల్లో పరుచుకున్న ఈ చెట్టు పందిరి విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు. ఒక్క చెట్టు కిందే నడుస్తున్నా అడవిలో ఉన్నట్టుంటుంది. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలలో పాతుకుని మానులవుతాయి. అవి కొమ్మను మోస్తే, కొమ్మ ఇంకొంత ముందుకు సాగుతుంది. మొదటి మాను బలహీనపడినా చెట్టు నిలిచే ఉంటుంది. మర్రి అంత దూరం పరుచుకోవడంలోని కిటుకు ఇదే.

1434లో తిమ్మమ్మ అనే ఆమె భర్త చితిపై సహగమనం చేసిందనీ, ఆ చోట పాతిన గుంజ చిగురించి ఈ మర్రి అయ్యిందనీ కథ. చెట్టు కింద ఆమెకు చిన్న గుడి ఉంది. పిల్లలు లేని దంపతులు మొక్కుకుంటారు. ఒక స్త్రీ అలా ప్రాణం వదలాల్సిన రోజులు పోయాయి, పోవాలి కూడా. ఆమె పేరు మాత్రం ఈ చెట్టుతో నిలిచింది.

బాబయ్య చేతి పుల్లా, తిమ్మమ్మ గుంజా రెండూ ఎండు కొయ్యలే. రెండూ చిగురించాయి. వాన కోసం ఆకాశం వైపు చూసే సీమలో, హిందువుల కథలోనూ ముస్లింల కథలోనూ మహిమ అంటే పచ్చబడటమే.

10. చోళులు మోసుకుపోయిన స్తంభాలు

మడకశిర ప్రాంతంలో, కర్ణాటక అంచున ఉన్న హేమావతి ఇప్పుడొక చిన్న ఊరు. వెయ్యేళ్ల క్రితం నోళంబ రాజుల రాజధాని. లేపాక్షి కంటే ఐదారు వందల ఏళ్లు పాతది. దొడ్డేశ్వరాలయంలోని నల్లరాతి పని, అద్దంలా మెరిసే నునుపు, గోడల్లో రాతినే జల్లెడ చేసి మలిచిన కిటికీలు చూస్తే ఆ పనివాళ్ల ఓర్పుకు దండం పెట్టాలనిపిస్తుంది. సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగరూపంలో కాక, కూర్చున్న మనిషి రూపంలో పూజలందుకుంటాడు. అలాంటి శివాలయాలు చాలా అరుదు.

ఈ నోళంబ స్తంభాల అందం చోళుల కంట పడింది. గెలిచినవాళ్లు బంగారం, ఏనుగులు తీసుకుపోవడం మామూలే. చోళులు స్తంభాలు తీసుకుపోయారు. కావేరి ఒడ్డున తిరువయ్యారు ఆలయంలో ఈనాటికీ ఆ నోళంబ స్తంభాలున్నాయి. త్యాగరాజ ఆరాధనకు వెళ్లే తెలుగువాళ్లు పంచనదీశ్వరుణ్ణి దర్శించుకునేటప్పుడు ఆ నల్లని స్తంభాల దగ్గర ఒక్క నిమిషం ఆగితే, అవి మన పక్క ఊరివని తెలుస్తుంది.

11. ఇంకా పనిచేస్తున్న కట్టడం

గుళ్లను చూస్తాం, కోటను చూస్తాం. కట్టిన పనికి ఇప్పటికీ అక్కరకొస్తున్న పాత కట్టడం చెరువు. బుక్కరాయల పేరు మీద వెలసిన బుక్కపట్నం పక్కన చిత్రావతి నీటితో నిండే చెరువు, అదే నది మీద ఆధారపడ్డ ధర్మవరం చెరువు పాత అనంతపురం జిల్లాలోని అతి పెద్ద చెరువుల్లోవి. కట్ట, తూము, మరువ అనే మూడు భాగాలతో నడిచే ఏర్పాటు ఇది. కట్ట నీటిని ఆపుతుంది. తూము పొలానికి ఇస్తుంది. మరువ మిగులు నీటిని వదిలి కట్టను కాపాడుతుంది. మరువ పారిన రోజు ఈ ఊళ్లలో పండగే.

అప్పటి చెరువు శాస్త్రం ఎంత లోతైనదో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం అది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావలసినవి పన్నెండని అందులో లెక్క చెప్పారు: నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, మంచినీటి నది, దగ్గర్లో రాతిగని, నేర్పుగల పనివాళ్లు ఆ లెక్కలోవే. దోషాలు ఆరు: కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇందులో మూడోది చదివితే, నదీజలాల తగాదాలు మన తరంతో మొదలైనవి కావని తెలుస్తుంది.

ఒక్క మాటలో మరికొన్ని

లేపాక్షి నాట్యమంటపంలో మూడు కాళ్ల భృంగి నాట్యం చేస్తున్నాడు. ఒకే ఒంటికి మూడు తలలు చెక్కిన ఆవు కూడా ఉంది. ఏ తల చూస్తే ఆ భంగిమ కనిపిస్తుంది.

గుడి ఆవరణలో నేల బండ మీదనే తొలిచిన పెద్ద పెద్ద రాతి పళ్లేలున్నాయి. పనివాళ్లు వాటిలో తిన్నారంటారు కొందరు, రంగులు కలిపారంటారు మరికొందరు.

కదిరిలో నరసింహుడు ప్రహ్లాదుడితో కలిసి కొలువున్నాడు. అభిషేకం తర్వాత విగ్రహానికి చెమట పడుతుందని భక్తుల నమ్మకం. రథం మీదికి భక్తులు దవనం, మిరియాలు చల్లుతారు.

బుక్కపట్నం బడిలో చదువుకున్న పిల్లల్లో పక్క ఊరు పుట్టపర్తి నుంచి వచ్చిన సత్యసాయిబాబా ఒకరు.

2022లో లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ప్రపంచ వారసత్వ హోదాకు అది మొదటి మెట్టు. ఆ హోదా రావాలని ఈ సీమవాళ్లందరం కోరుకుంటాం. అయితే హోదా కోసం ఆగకుండా ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. కప్పు చిత్రాలను ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోవడం, స్తంభాల మీద పేర్లు గీకే పిల్లవాణ్ణి అక్కడికక్కడే ఆపడం, హేమావతి, పెనుకొండలకు కూడా లేపాక్షికి ఇచ్చినంత సమయం ఇవ్వడం మన చేతుల్లో పనులే. అన్నిటికంటే ముందు చెరువు. విజయనగర రాజులు ఈ సీమలో గుడితో పాటు నీటినీ నిలబెట్టారు. నీరు నిలిచిన చోట పంట పండింది, పంట పండితే శిస్తు వచ్చింది, శిస్తు వచ్చిన ఖజానా నుంచే శిల్పికి కూలి అందింది. లేపాక్షిని వారసత్వమని కాపాడుకునేవాళ్లం బుక్కపట్నం కట్టనూ, తూములనూ, వాగుల దారినీ కూడా అదే వారసత్వంగా లెక్కపెట్టాలి. చెరువులో పూడిక తీయడం శిల్పం మీద దుమ్ము తుడవడం ఎంత అవసరమో అంత అవసరం.